పసుపు వన్నె కటకం: థోరియం గాజు చరిత్ర

పాత కెమెరా కటకాలలోని పసుపు వన్నెను సేకరణకర్తలు వయసు మరకగా భావించడం పరిపాటి. కొన్నింటి విషయంలో అది పొరపాటు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక ఛాయాచిత్రణకై కొడాక్ తయారుచేసిన ఏరో-ఎక్టార్ కటకాల గాజులో థోరియం ఆక్సైడు ఉంది. అది గాజు వక్రీభవన గుణకాన్ని పెంచుతూనే వర్ణవిక్షేపణను అదుపులో ఉంచుతుంది. యుద్ధానంతరం పెంటాక్స్ వారి కొన్ని సూపర్ టకుమార్ కటకాలతో ఇటువంటి గాజు ఇళ్లకు చేరింది. పసుపు వన్నెకు మూలం థోరియం వికిరణమే. అతినీలలోహిత కాంతిలో ఉంచితే వన్నె చాలావరకు తొలగుతుంది. సుమారు 1,400 కోట్ల సంవత్సరాల అర్ధాయువు గల థోరియం తొలగదు. అంటే ఆ శుద్ధి చెరిపేది సాక్ష్యాన్నే. కటకాన్ని దగ్గర ఉంచుకోవడంకన్నా, అరగదీసి ఆ ధూళిని పీల్చడమే ప్రమాదకరం. మన పందిళ్లలో వెలిగిన పెట్రోమాక్స్ దీపాల మాంటిళ్లలోనూ థోరియమే ఉండేది. ముట్టుకుంటే బూడిదై రాలే ఆ వలను ఎవరూ భద్రపరచలేదు.