సాలిడ్ సెరెనేడ్: పాట పాడి చిక్కుల్లో పడిన ప్రేమికుడు

కోల్‌కతా: ‘టామ్ అండ్ జెర్రీ’ లఘుచిత్రాల పరంపరలో ‘సాలిడ్ సెరెనేడ్’ 26వది. అమెరికాకు చెందిన మెట్రో-గోల్డ్‌విన్-మేయర్ (ఎంజీఎం) సంస్థ దీనిని 1946 ఆగస్టు 31న విడుదల చేసింది. సుమారు ఏడు నిమిషాల ఈ వర్ణచిత్రానికి విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా దర్శకులు. ఫ్రెడ్ క్వింబీ నిర్మాత కాగా, స్కాట్ బ్రాడ్లీ సంగీతం సమకూర్చారు.

కథ

టూడిల్స్ అనే ఆడపిల్లిపై మనసుపడిన టామ్, రాత్రివేళ ఆమె ఇంటి ఆవరణలో ప్రవేశిస్తాడు. కాపలా కుక్కను కట్టివేసి, కిటికీ కింద నిలిచి డబుల్ బేస్ వాయిస్తూ ప్రేమగీతం ఆలపిస్తాడు. ఆ వాద్యఘోషకు ఇల్లు కంపించి జెర్రీ అనే ఎలుకకు నిద్రాభంగమవుతుంది. ఆగ్రహించిన జెర్రీ మొదట టామ్‌పై దాడికి దిగి, అనంతరం కుక్క కట్లు విప్పుతాడు. తొందరపాటులో టామ్ కుక్కనే ప్రియురాలిగా భ్రమించి ముద్దాడతాడు. చివరకు కుక్క టామ్‌నే వాద్యంగా మార్చి వాయిస్తుంది.

విశిష్టత

సాధారణంగా మాటలాడని టామ్ ఇందులో పూర్తిస్థాయిలో పాట పాడటం విశేషం. లూయీ జోర్డాన్ ద్వారా ప్రసిద్ధి చెందిన ఆ గీతాన్ని టామ్ కోసం బక్ వుడ్స్ ఆలపించారు. టామ్ ప్రేమసంభాషణలు నటుడు చార్లెస్ బోయర్ స్వరానికి వ్యంగ్యానుకరణ. నాటి కార్టూన్లు ప్రధాన చిత్రానికి ముందు అన్ని వయసుల ప్రేక్షకులకూ ప్రదర్శితమయ్యేవి. అందుకే ఇందులో పిల్లలను నవ్వించే పరుగులతోపాటు పెద్దలకు మాత్రమే బోధపడే చమత్కారాలూ చోటుచేసుకున్నాయి.

కోల్‌కతాతో అనుబంధం

తమ చిత్రాల ప్రదర్శనకై ఎంజీఎం 1935లో కోల్‌కతాలోని చౌరంగీలో మెట్రో సినిమాను నెలకొల్పింది. ఆర్ట్ డెకో శైలిలోని ఈ భవనానికి న్యూయార్క్ వాస్తుశిల్పి థామస్ లాంబ్ రూపకల్పన చేశారు. చిత్రాన్ని తీసిన సంస్థే థియేటర్‌నూ నడిపిన కాలమది.

1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. కాలక్రమంలో టామ్, జెర్రీ టెలివిజన్‌కు చేరి, పిల్లల వినోదంగా స్థిరపడ్డారు. మెట్రో భవనం వాణిజ్య సముదాయంగా, మల్టీప్లెక్స్‌గా రూపాంతరం చెందినా, దాని పాత ముఖభాగాన్ని పరిరక్షించారు. ప్రధాన చిత్రానికి ముందు పెద్దలూ పిల్లలూ కలిసి కార్టూన్ చూసి నవ్వుకొనే ఆనవాయితీ మాత్రం కనుమరుగైంది.