మూడు మెట్లు మింగిన రోడ్డు

మా ఊళ్ళో మా ఇంటి ముందు మూడు మెట్లుండేవి. చిన్నప్పుడు పై మెట్టు మీద కూర్చుని తారు రోడ్డు వేయడం చూసేవాణ్ణి. ఇప్పుడా మెట్లు లేవు. ఎవరూ పగలగొట్టలేదు. పాత రోడ్డు తీయకుండా దానిమీదే కొత్త పొర, దానిమీద ఇంకో పొర వేసుకుంటూ పోయారు. ఒక్కో పొరా కొంత కొంత మెట్లను మింగేసింది. వానొస్తే వీధి నీళ్ళు నేరుగా వరండాలోకే. "రోడ్డు పెరుగుతోందిరా, ఇల్లు కుంగుతోంది" అంటుంది అమ్మ.

నేను చదివింది సివిల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. రోడ్లతో నాకు మిగిలిన సంబంధమల్లా వాటి చరిత్ర చదువుకోవడమే. పనికిరాని వస్తువులతో రోడ్డు వేయాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే ముందు అరిజోనా ఎడారిలో తేలాను.

1960ల్లో ఫీనిక్స్ నగరంలో పనిచేసే చార్ల్స్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు, పగుళ్ళు పట్టిన రోడ్లకి అతుకులు వేయడం కోసం పాత టైర్ల రబ్బరు పొడిని వేడి తారులో కలిపి చూశాడు. రబ్బరు తారులో ఉబ్బి దానికి సాగే గుణం ఇచ్చింది. ఎండకీ చలికీ రోడ్డు విరక్కుండా కాస్త సర్దుకుపోయింది. ఆయన మొదలుపెట్టింది టైర్లను ఎలా వదిలించుకోవాలా అని కాదు, రోడ్డును ఎలా బాగుచేయాలా అని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

తర్వాత కథ తిరగబడింది. అమెరికాలో పాత టైర్లు గుట్టలు పడ్డాయి. 1983లో వర్జీనియాలోని విన్‌చెస్టర్ దగ్గర సుమారు 70 లక్షల టైర్ల గుట్ట అంటుకుని నెలల తరబడి కాలింది. 1991 నాటి రవాణా చట్టంలో ఒక సెక్షన్ చేరింది. ఫెడరల్ నిధులతో వేసే తారు రోడ్లలో 1994లో 5 శాతంతో మొదలుపెట్టి, 1997కల్లా 20 శాతం దాకా టైరు రబ్బరు వాడాలన్నారు. రాష్ట్రాలు ఎదురుతిరిగాయి. ఖర్చెక్కువ, మాకు అనుభవం లేదు, ఈ రోడ్డును రేపు మళ్ళీ కరిగించి వాడుకోగలమా అని అడిగాయి. 1995లో ఆ నిబంధనను ఎత్తేశారు. అంతకుముందు నుంచే వాడుతున్న అరిజోనా మాత్రం ఆ తర్వాత కూడా వాడుతూనే ఉంది. రోడ్డు కోసం వాడినవాళ్ళు నిలబడ్డారు. చెత్త కోసం వాడమన్న చట్టం నిలబడలేదు.

ఇప్పుడు మదురై వద్దాం. త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్. 2002లో ఆ కాలేజీ ఆవరణలోనే ప్లాస్టిక్ కలిపిన రోడ్డు వేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పద్ధతి చాలా తేలిక. సంచులు, కవర్లు చిన్న ముక్కలు చేసి, 160, 170 డిగ్రీల దాకా వేడెక్కిన కంకర మీద చల్లుతారు. ప్లాస్టిక్ కరిగి ఒక్కో రాయికీ పల్చటి తొడుగులా పట్టుకుంటుంది. ఆ తర్వాతే తారు. తారు రోడ్డుకి పెద్ద శత్రువు నీరు. రాయికీ తారుకీ మధ్య దూరి రెంటినీ విడగొడుతుంది. ఈ తొడుగు ఆ సందు మూసేస్తుంది. మెక్‌డొనాల్డ్‌లాగే ఇక్కడా లాభం ముందు రోడ్డుకే.

2015 నవంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, 5 లక్షలకు పైన జనాభా ఉన్న నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపల జాతీయ రహదారులకి కొత్త తారు పొర వేసేటప్పుడు వ్యర్థ ప్లాస్టిక్ కలపడం తప్పనిసరి చేసింది. ఇక్కడే నాకు 1991 గుర్తొస్తుంది. కంకర మీద చల్లే ముక్కల్లో పీవీసీ ఉండకూడదు, వేడికి విషవాయువు వస్తుంది. అంటే ఎవరో ఒకరు చెత్తకుప్ప దగ్గర కూర్చుని చేత్తో ఏరాలి. ఆ చేతులు పద్మశ్రీ వార్తల్లో కనపడవు. పైగా రోడ్డు అరిగినప్పుడు తారుతో పాటు ఆ ప్లాస్టిక్ కూడా అరుగుతుంది. అది చివరికి చేరేది కాలవల్లోకీ మట్టిలోకీ. కాబట్టి ప్లాస్టిక్ రోడ్లు వద్దనను. కానీ వాటిని చెత్తకుండీలుగా చూడటం మొదలుపెడితే మాత్రం మోసపోతాం.

నిజానికి రోడ్డుకి దొరికే అన్నిటికన్నా మంచి పాత సరుకు పాత రోడ్డే. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక, కొన్ని నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది. తారు కూడా చమురు నుంచి వచ్చేదే కదా! అమెరికాలో పాత రోడ్లను గీకి, ఆ పొడిని కొత్త తారుతో కలిపి వాడటం అప్పుడే ఊపందుకుంది. పాత తారు గాలికి గట్టిపడి పెళుసుగా మారుతుంది. దానికి మళ్ళీ జిగురు తెప్పించే నూనెలు కలుపుతారు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 2015లో దీనికో మార్గదర్శకం వేసింది. గీకి వేస్తే కంకర మిగులుతుంది, తారు మిగులుతుంది, రోడ్డు ఎత్తు పెరగదు. ఇళ్ళ మెట్లు కూడా మిగులుతాయి. ఈ చివరి లాభం మాత్రం లెక్కల్లో ఎక్కడా రాయరు.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. "మన వీధికి మళ్ళీ రోడ్డు వేస్తారటరా. ఈసారి ప్లాస్టిక్ కలుపుతారట. మంచిదేనా?"

"మంచిదేనమ్మా, పాతది గీకి వేస్తే."

"గీకడమా? ఎప్పుడన్నా గీకారా?" అంది.

నేనేం చెప్పను! వారం తిరక్కుండానే మేస్త్రీని పిలిపించి గుమ్మం ముందు జానెడెత్తు గట్టు కట్టించుకుంది.