మంచు కరిగాక లేచే రాజు

మే నెలాఖరు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్‌మండ్‌లో చినుకుల్లో బయల్దేరావు. స్నోక్వాల్మీ కనుమ దాటాక వైపర్లకు పని లేదు. సముద్రం మీంచి వచ్చే తడంతా పడమటి వాలు మీదే కురిసిపోతుంది. క్లీ ఎలమ్ పైన, పాండరోసా పైన్ల మధ్య బండి దిగితే, చెట్ల నీడల్లో ఇంకా మంచు ముద్దలున్నాయి.

"పుట్టగొడుగు వెతక్కురా, నేల ఎక్కడ ఉబ్బిందో చూడు," అంటాడు బావ.

ఒకచోట ఎండిన పైన్ సూదుల పొర కాస్త పైకి లేచి ఉంది. వేళ్లతో జరుపు. చల్లటి మట్టిలోంచి గులాబి జీర ఉన్న గోధుమరంగు గొడుగు, బన్ను పైభాగంలా గుండ్రంగా. అడుగున రేకులుండవు, సన్నని రంధ్రాల మెత్తటి పొర. గోరుతో నొక్కినా నీలం తిరగలేదు. దాన్ని ఆనుకుని ఇంకొకటి, దాని పక్కన మూడోది. ఇది స్ప్రింగ్ కింగ్, బొలీటస్ రెక్స్-వేరిస్. దీన్ని చాలాకాలం యూరప్ పైన్ బొలీట్ లెక్కలోనే వేశారు. 2008లో డేవిడ్ అరోరా, జాంపాలో సిమొనీనీ వేరే జాతిగా పేరు పెట్టారు.

ఇటలీవాళ్లు పోర్చీని అనే బొలీటస్ ఎడ్యులిస్ కోసం ఇప్పుడు వెతికి లాభం లేదు. దానికి శరత్కాలపు వానలు పడాలి. అప్పుడు తీరం వైపు, సిట్కా స్ప్రూస్‌ల కింద, ఇంతగా దాక్కోకుండా నిలబడుతుంది. కాడ మీద వలగీతలు రెండింటికీ ఉన్నాయి. గొడుగు రంగా, వయసుతో మారిపోతుంది. నేనైతే ముందు నెలనూ చెట్టునూ అడుగుతాను.

బావ పెరిగింది అండమాన్‌లో, మాయాబందర్ దగ్గర. "గర్జన్ చెట్ల కింద జలగల్ని చూసుకుంటూ నడిచేవాళ్లం, వీటినెవడు చూశాడు!" గర్జన్ వేళ్లకూ ఇలాంటి శిలీంధ్రాలే తోడు. చెట్టు చక్కెర ఇస్తే, మట్టిలోని సన్నని పోగులు నీళ్లూ భాస్వరమూ తెచ్చిపెడతాయి. చెట్టుతో ఈ పొత్తు లేనిదే బతకదు కాబట్టే పోర్చీనిని షెడ్డులో పండించడం కుదరడం లేదు.

అడుగు పొర ఎర్రగా ఉండి, నొక్కగానే నీలం తిరిగితే మాత్రం ముట్టకు. అమెరికా పడమటి తీరపు అడవుల్లో ఉండే రూబ్రోబొలీటస్ పుల్చెరిమస్‌ను 1994లో తిన్న దంపతుల్లో భర్త చనిపోయాడు.

కోసినవాటిని నిలువునా చీల్చి చూడు. రెండు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. మూడోదాన్ని పురుగులు మనకంటే ముందే కనిపెట్టాయి.