గేరు కడ్డీ కథ

మోటారు తోలువాడు మాటిమాటికి ముందు వెనుకలకు త్రోయు గేరు కడ్డీని మీరందరు చూచియే యుందురు. దాని చరిత్ర వినదగినది.

ఎడ్లబండికి గేర్లతో పనిలేదు. మెరక వచ్చినచో ఎద్దు మెడవంచి, అడుగు తగ్గించి, బలము హెచ్చించును. పెట్రోలు యంత్రమున కా గుణము లేదు. మిక్కిలి మెల్లగా తిరిగినచో ఆగిపోవును. కావున యంత్రము వడిగా తిరుగుచుండగనే బండిచక్రములు మెల్లగను, బలముగను తిరుగుటకు చిన్న పెద్ద పళ్ళచక్రముల జతలు కావలసివచ్చెను.

ఫ్రాన్సు దేశమున ఎమిల్ లెవసోర్ 1891లో యంత్రమును ముందుంచి, దాని వెనుక క్లచ్చిని, జరుగు పళ్ళచక్రములను అమర్చి బండి కట్టెను. 1898లో లూయీ రెనో పై గేరునందు యంత్రపు బలము నేరుగా వెనుక ఇరుసునకు పోవు మార్గము కనిపెట్టి, డిసెంబరు 24వ తేదీన పారిసునందలి మోంమార్త్ర్ గుట్ట వీధిని తన బండిపై ఎక్కి చూపెను. 1901 నాటి మెర్సిడెసులో కడ్డీకి గాళ్ళు ఏర్పడెను. అమెరికాలో 1908 నాటి ఫోర్డు ‘టీ’ బండికి పాదములతోనే గేర్లు మార్చెడివారు. 1927 చివర వచ్చిన ‘ఏ’ బండికి చేతి కడ్డీ పెట్టిరి. 1931 వరకు అట్టివి దాదాపు 48 లక్షలు తయారయ్యెను. వానిలో కొన్ని నేటికిని తిరుగుచున్నవి. ఏల? విప్పి బాగుచేయుటకు వీలున్నందున.

ఆ కడ్డీని విప్పు విధము చెప్పెదను. మొదట కడ్డీని ఏ గేరును పడని నడిమి చోట నిలుపవలెను. పాదములక్రింది పలకలు తీసి, బోల్టులు విప్పి, కడ్డీతోకూడ మూతను నిలువుగా పైకెత్తవలెను. వెంటనే పెట్టె నోటిని శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. ఒక్క నట్టు లోపల పడినను పళ్ళు విరుగును. మూతలో కడ్డీ గుండు, దానిని పట్టియుంచు గట్టి స్ప్రింగు, ఫోర్కులు గల రెండు చిన్న ఇరుసులు ఉండును. ఆ రెంటి నడుమ అడ్డముగా స్ప్రింగుతో కూడిన చిన్న మేకులు గలవు. పడిన గేరు జారకుండ పట్టునవియు, రెండు గేర్లు ఒక్కమారు పడకుండ కాచునవియు నివే. ఇరుసును లాగునప్పుడు ఇవి ఎగిరిపోవును గాన అరచేయి అడ్డుపెట్టవలెను.

బిగించునప్పుడు విప్పిన వరుసకు తారుమారుగా పోవలెను. అరిగిన స్ప్రింగును మార్చి, గ్రీజు రాచి, క్రొత్త ప్యాకింగు వేయవలెను. పైనున్న ఫోర్కులును, క్రిందనున్న చక్రములును నడిమి చోటనే యుండినగాని ఫోర్కులు చక్రముల గాడులలో కూర్చుండవు. మూత కూర్చుండనిచో బోల్టులతో అదిమిన లాభము లేదు. మరల ఎత్తి చూడవలెను.

1928లో కాడిలాక్ బండ్లలో చక్రముల వేగములను తానే సరిపుచ్చు అమరిక వచ్చెను. అంతకు ముందు తోలువాడు క్లచ్చిని రెండుమార్లు త్రొక్కి, చప్పుడును చెవితో కనిపెట్టి గేరు వేయవలసియుండెను. మన దేశమున ఉత్తరపారలో 1957-58 నుండి తయారైన అంబాసిడరునకు కడ్డీ చాలకాలము స్టీరింగు ప్రక్కనే యుండెను. ఆ బండి తయారీ 2014లో నిలిచిపోయినది.

తయారీ నిలిచినను బండి నిలువనక్కరలేదు. విప్పి బిగించు చేయి నిలిచిననే ముప్పు. మీ యూర అట్టి పాత మేస్త్రీ యున్నచో, ఒక కుర్రవానిని ఆయన చెంత కూర్చుండనిండు.