సింగిల్ బార్ మీద ఏది సరైన పట్టు?

పుల్-అప్స్ తీసేటప్పుడు అరచేతులు బయటికి ఉండాలా, మన ముఖం వైపు తిరగాలా అన్న తగువు ఏ జిమ్‌లోనూ తెగదు. ఇరుపక్షాలూ కండరాల లెక్కే చెబుతాయి. చరిత్ర తిరగేస్తే మాత్రం ఒకే పట్టు సరైనదన్న పట్టుదల కండరాల నుంచి కాక పరీక్షల నుంచి వచ్చిందనిపిస్తుంది. 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తుగా ఓడింది. ఆ అవమానం మనసులో పెట్టుకుని ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ శివార్లలోని హాసెన్‌హైడెలో కుర్రాళ్ల కోసం ఆరుబయట వ్యాయామస్థలం తెరిచాడు. తన సహచరుడు ఐసెలెన్‌తో కలిసి 1816లో అచ్చువేసిన పుస్తకంలో బార్ మీది విన్యాసాలకు పెద్దపీట వేశాడు. ఆ సంప్రదాయంలో బార్ ఉన్నది గడ్డం ఆనించి దిగడానికి కాదు, దాని పైకెక్కి చుట్టూ తిరగడానికి. కాబట్టి చేసే పనే పట్టును నిర్ణయించేది. అరచేతులు బయటికి ఉంటే ముంజేతులు బార్ మీదికి తేలిగ్గా ఒరుగుతాయి, అక్కణ్ణించి ఒంటిని పైకి నెట్టవచ్చు. గిరగిరా తిరిగేటప్పుడు బొటనవేళ్లు చూసే దిక్కుకే శరీరం తిరగాలి. ఎదురు తిరిగితే వేళ్లు విచ్చుకుని చెయ్యి జారుతుంది. వెనక్కి తిరిగే చుట్టుకు ఒక పట్టు, ముందుకు తిరిగే చుట్టుకు దానికి సరిగ్గా తలకిందుల పట్టు. ఇందులో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే నవ్వులాటే అయ్యేది.

ఈ వ్యాయామం వెనక రాజకీయం ఉందని ప్రష్యా ప్రభుత్వం యాన్‌ను 1819లో అరెస్టు చేసింది, బహిరంగ వ్యాయామాన్ని 1842 దాకా నిషేధించింది. అయినా బార్ బతికింది, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌కూ చేరింది. తర్వాత సైన్యాలూ బడులూ అదే బార్‌ను కొలబద్దగా వాడుకున్నాయి. ఎన్నిసార్లు లేచాడో లెక్కపెట్టాలంటే అందరూ ఒకేలా చేయాలి, అంటే పట్టు నిబంధన కావాలి. తమాషా ఏమిటంటే ఆ నిబంధనలు ఒకదానితో ఒకటి కలవవు. సోవియట్ యూనియన్ 1931లో మొదలుపెట్టిన, రష్యా 2014లో మళ్లీ తెచ్చిన జీటీవో అనే దేహదారుఢ్య పరీక్షలో ఇప్పుడు అరచేతులు బయటికే ఉండాలి. అమెరికా మెరైన్లు ఎటు తిప్పి పట్టుకున్నా ఒప్పుకుంటారు. 2022లో తీసేసేదాకా అమెరికా సైన్యం పరీక్షలో బార్‌కు వేలాడుతూ మోకాళ్లు పైకి లేపే అంశం ఉండేది. అందులో రెండు చేతులూ ఒకదాని ముందు ఒకటి, బార్ పొడవునా పట్టాలి. దేహధర్మమే ఏకైక పట్టును నిర్దేశించి ఉంటే ఇన్ని దారులు ఎందుకు?

కండరాల్లో తేడా నిజంగానే ఉంది కదా అనవచ్చు. ఉంది. అరచేతులు ముఖం వైపు తిప్పితే ముంజేతిని మడిచే కండకు, ఛాతీకి పని పెరుగుతుంది. బయటికి తిప్పితే భుజఫలకాలను కిందికి లాగే వీపు కండకు పెరుగుతుంది. అయితే ఆ తేడా చెప్పేది ఏ పట్టు దేనికి పనికొస్తుందన్నదే, ఏది నాసిరకమన్నది కాదు. బయటిపట్టే కష్టం కాబట్టి అదే అసలైనదన్న వాదన మరీ పేలవం. కష్టమే ప్రమాణమైతే ఒంటిచేత్తో లేచేవాడు తప్ప మిగతా అందరూ మోసగాళ్లే కావాలి. చేతుల మధ్య ఎడం విషయంలోనూ ఇదే తీరు: చేతులు మరీ దూరంగా పెడితే పైకి లేచే దూరం తగ్గుతుంది, వీపు మాత్రం దానంతటదే వెడల్పు కాదు. భుజాల వెడల్పో, కాస్త ఎక్కువో చాలామందికి సరిపోతుంది. మోచేయో మణికట్టో నొప్పెడితే నిబంధన పక్కనపెట్టి చెయ్యి తిప్పుకోవడమే తెలివి. ఒకే పట్టు కోరే పరీక్షకు దిగేవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.