కేంబ్రిడ్జికి ముందు చెరువుకట్ట

కట్టమంచి రామలింగారెడ్డిగారి విమర్శ దృష్టి కేంబ్రిడ్జి పెట్టిన భిక్ష అని చెప్పడం మనకు అలవాటైపోయింది. తరగతిలో నేనూ అలాగే చెప్పాను. తేదీలు అందుకు ఒప్పుకోవు.

చిత్తూరు పక్క కట్టమంచిలో 1880లో పుట్టిన ఆయన ప్రభుత్వ ఉపకారవేతనం మీద ఇంగ్లండు వెళ్లింది 1902లో. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు, ఆ ఊళ్లు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 'ముసలమ్మ మరణం' అంతకుముందే, మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా రాశారు. అందులో నాయిక రాచకన్నె కాదు. బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన రైతు ఇంటి కోడలు. ఆ ఆత్మబలిని కీర్తించడం మనకు నచ్చకపోవచ్చు. కానీ ప్రబంధ నాయికను పక్కకు జరిపిన ఆ చూపు రాయలసీమ నీటి కరువులోంచి వచ్చింది.

మరి కేంబ్రిడ్జి ఏమిచ్చింది? సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదువు. అంతకుమించి, యూనియన్ సభలో వాదోపవాదాలు. పాలితుడు పాలకుల బిడ్డల ఎదుట నిలబడి వాదించి, ఆ యూనియన్‌కే ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1914 నాటి 'కవిత్వతత్త్వ విచారము'లో పింగళి సూరనను మొహమాటం లేకుండా తూచిన గొంతు ఆ సభలో పదునెక్కిందే. పండితులు మండిపడ్డారు, అది వేరే కథ.

ఇవాళ తిరుపతి నుంచి పై చదువులకు అమెరికా వెళ్లే మా పిల్లల్లో చాలామందికి ఉపకారవేతనం లేదు, బ్యాంకు అప్పుంది. అప్పు నెత్తినున్నవాడు ఏ సభలో ఎవరిని నిలదీస్తాడు?

రెడ్డిగారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్సలరయ్యారు. తనను చదివించిన ప్రభుత్వపు దమననీతికి నిరసనగా 1930లో ఆ పదవి వదిలేశారు. 1936లో మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారన్నదీ చెప్పాలి.