తాతయ్య దస్తూరి

మొన్న ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో మా తాతయ్య లెక్కల పుస్తకం దొరికింది. ముత్యాల్లాంటి దస్తూరి. కాని ఒక్క అక్షరం చదవగలిగితే ఒట్టు! అంతా ఉర్దూ. ఇంట్లో ఆయన నోట తెలుగు తప్ప మరో భాష విన్న గుర్తు లేదు నాకు. అమ్మనడిగితే, "ఆయన సదివింది నిజాం బడిల గద బిడ్డా! తెలుగు రాసుడు ఎవరు నేర్పిన్రు?" అంది.

నిజమే. 19వ శతాబ్దం చివర్లో హైదరాబాదు సంస్థానంలో పారశీకం పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం అనువాదాలకి ప్రత్యేకంగా ఒక శాఖే నడిపారు. దేశభాషలో పెద్ద చదువులు చెప్పవచ్చునని చేసి చూపించిన ఆ గొప్ప కాదనలేం. కాని ఆ దేశభాష మా తాతయ్య ఇంటి భాష కాదు, అదీ తిరకాసు!

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షులు కర్వేగారు. ఇంగ్లీషులో, మరాఠీలో మాట్లాడినవాళ్లని బుద్ధిగా విన్న ఆ సభ, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టేసరికి గేలిచేసి కూర్చోబెట్టింది. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. 1948లో పోలీసు చర్య జరిగాక ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. తెలుగువాళ్లు హమ్మయ్య అనుకునేలోగా ఆ పీట మీద ఇంగ్లీషు కూర్చుంది.

ఇప్పుడు మా దిల్‌సుఖ్‌నగర్ రండి. ఎల్.బి.నగర్ చౌరస్తాలో నల్గొండ, ఖమ్మం, బెజవాడ బస్సుల దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుగు ఎన్ని రకాలో చెవులకే తెలుస్తుంది. ఆ బస్సులు దిగిన పిల్లలు హాస్టల్లో సంచీ పడేసి కోచింగ్ సెంటరుకి పరుగెడతారు. స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు లేని సందు నాకైతే కనబడలేదు. మా పక్క హాస్టల్లో సూర్యాపేట వైపు అమ్మాయి ఒకతె ఉంది. డిగ్రీ ఫస్టుక్లాసు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో పేరూ ఊరూ అడిగితే గొంతు పెగల్లేదట. నాతో ఏడ్చి చెప్పిన పిల్ల, కాసేపటికే ఫోనులో వాళ్లమ్మతో "మంచిగనే అయిందే" అంటోంది!

2011 జనాభా లెక్కల్లో ఇంగ్లీషే మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 2 లక్షల 60 వేలమంది. తెలుగని రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. అయినా పెత్తనం ఎవరిదో చూశారూ?

మా అమ్మాయిదీ ఇంగ్లీషు మీడియమే. చేర్పించింది నేనే, ఇంకెవర్ననను? తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే కూడబలుక్కుంటుంది. నా నవలలు అలమారలో భద్రంగా ఉన్నాయి. తాతయ్య పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముందమ్మా?" అంది. తెలియదన్నాను. అమ్మ నా నవల వంక ఓసారి, మనవరాలి వంక ఓసారి చూసింది. ఏమీ అనలేదు.

మలక్‌పేటలో రిటైరైన ఉర్దూ మాస్టారొకాయన దగ్గరికి పట్టుకెళ్లాం. పాలు, నూనె, ఎడ్ల దాణా లెక్కలు చదువుతూ ఒకచోట ఆగారు. "ఆడపిల్ల పుట్టింది. మంత్రసానికి చీర, అయిదు రూపాయలు" అని ఉందట.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"అయిదు రూపాయలేనా ఇచ్చింది!" అంది, కళ్లు తుడుచుకుంటూ.